బైక్‌కు టైమింగ్ బెల్ట్ మార్చాలా..? ముందు అది ఉందో లేదో చూడండి!

టైమింగ్ బెల్ట్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? బండి ఉన్నవాళ్లకు తరచూ వచ్చే డౌట్ ఇది. నిజానికి మాచర్ల రోడ్ల మీద తిరిగే స్ప్లెండర్, షైన్, పల్సర్‌లలో ఆ బెల్టే ఉండదు. ఇంజిన్ లోపల ఉండేది టైమింగ్ చైన్. పాత బుల్లెట్‌లో అయితే అదీ లేదు, గేర్లే. బెల్ట్ ఉండేది డుకాటీ స్క్రాంబ్లర్ లాంటి కొన్ని ఖరీదైన బైకుల్లోనే. వాటికి కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది.

చైన్‌కు అలాంటి గడువు మామూలుగా ఉండదు. ఆయిల్ టైమ్‌కు మారిస్తే ఏళ్ల తరబడి వస్తుంది. ఇంజిన్‌లో కటకటమని శబ్దం మొదలై తగ్గకపోతే మాత్రం టెన్షనర్ చూపించాలి. చైన్ జారితే వాల్వులు పిస్టన్‌కు తగిలి పెద్ద ఖర్చే పడొచ్చు.

అసలు బెల్ట్ గొడవంతా స్కూటర్లదే. యాక్టివా, జూపిటర్‌లలో వెనక చక్రాన్ని తిప్పేది రబ్బరు డ్రైవ్ బెల్ట్. మోడల్‌ను బట్టి సుమారు 20 వేల నుంచి 25 వేల కిలోమీటర్లకు మారుస్తుంటారు. కచ్చితమైన లెక్క బండితో ఇచ్చిన బుక్‌లో ఉంటుంది. సున్నపురాయి దుమ్ము, పల్నాడు ఎండ ఉన్నచోట ఇంకాస్త ముందే చూపించుకోవడం మేలు. పికప్ తగ్గినా, కదిలేటప్పుడు వణికినా ఆగొద్దు. బెల్ట్ తెగితే ఇంజిన్ మోగుతూనే ఉంటుంది, చక్రం మాత్రం తిరగదు. రాత్రిపూట సాగర్ రోడ్డులో అలా జరిగితే బండి తోసుకుంటూ రావాల్సిందే.