వదంతులు – గృహిణుల విధి

బిడ్డలయందలి ప్రేమ తల్లికి సహజగుణము. ఆ ప్రేమనే ఆధారముగా గొని అసత్యము మన యిండ్లలో ప్రవేశింపగలదని 2018వ సంవత్సరము ఋజువు చేసినది.

ఆ యేట, బిడ్డల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వార్త వాట్సాప్ ద్వారా దేశమున పలుచోట్ల వ్యాపించెను. మోటారుసైకిలుపై వచ్చినవారు బాలుని నెత్తుకొనిపోవు వీడియో యొకటి దానికి సాక్ష్యమని జనులు నమ్మిరి. నిజమునకు అది పిల్లల రక్షణకై కరాచీలో తీసిన ప్రచారచిత్రము. బిడ్డను తిరిగి యప్పగించు కడపటి భాగమును ఎవరో కత్తిరించివేసిరి. ఫలితమేమి? జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో భిక్షాటనమునకు వచ్చిన సంచారజాతివారు ఐదుగురు జనులచేత హతులైరి. అదే నెల 13వ తేదీన కర్ణాటకలోని బీదరు జిల్లాలో హైదరాబాదు యువకుడొకడు బలియయ్యెను. అతని బృందమువారు పిల్లలకు చాకొలెట్లు పంచుటయే అనుమానమునకు కారణమాయెను!

తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఆనాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు ఈ భయమును ముందుగనే కనిపెట్టిరి. వేసవిలో ఆరుబయట పండుకొను పల్లెవాసులు ప్రొద్దుగ్రుంకగనే తలుపులు బిగించుకొనుచున్నారని విని, కానిస్టేబుళ్లను గ్రామములకు పంపి, డప్పులతో, పాటలతో నిజమును చాటించిరి. ఆమె యధికారమునందలి 400కు పైగా గ్రామములలో ఈ వదంతివలన ఒక్క ప్రాణమైనను పోలేదు.

ఇందు గ్రహింపదగిన సంగతి యొకటి కలదు. అసత్యము తెలిసినవారి చేతిమీదుగా వచ్చును గనుకనే మనము నమ్ముదుము. దిద్దుబాటును తెలిసినవారి నోటనే వినవలెను. ట్విట్టరులోని వార్తలను పరిశీలించిన అమెరికా పండితులు, 1,500 మందిని చేరుటకు సత్యమునకు అసత్యముకంటె ఆరింతల కాలము పట్టెనని 2018లోనే ప్రకటించిరి. అసత్యమునకు అంత వేగము నిచ్చినది యంత్రములు కావు, మనుష్యులేనట! వాట్సాప్ సంస్థ ఆ యేడే, మన దేశమున ఒక వార్తను ఒకమారు ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను. కాని ఆ ఐదు చోట్లలో మన యిల్లొకటి యైనచో కట్టడి మనమే చేయవలెను గదా!

కావున భయము గొలుపు వార్త వచ్చినపుడు, ఎచ్చట, ఎన్నడు జరిగినదని విచారింపక యితరులకు పంపకుడు. అత్తగారో, పినతల్లియో పంపినచో నలుగురిలో పరిహసింపక, ఏకాంతమున మర్యాదగా నిజము తెలుపుడు. సిగ్గుపడిన మనస్సు తప్పును విడనాడుట కష్టము. మనమే పంపిన వార్త తప్పని తేలినచో, దాని నెవరెవరికి పంపితిమో వారందరికిని ఆ సంగతి తెలుపవలెను. ఆ పని మనకు బదులు మరియెవ్వరును చేయజాలరు.