లాక్టోమీటరు రీడింగు సరిగా తీయడమెలా?

"చుక్క నీరు కలపని పాలకు ఎస్.ఎన్.ఎఫ్. ఎందుకు తగ్గింది?" తనిఖీకి వెళ్ళిన సంఘాలలో సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఇది. మేతలోని లోపమో, పశువు అనారోగ్యమో కారణం కావచ్చు. కాని ఒక్కోసారి లోపం పాలలో ఉండదు, రీడింగు తీసిన తీరులో ఉంటుంది.

లాక్టోమీటరు పాల సాంద్రతను మాత్రమే చూపుతుంది. నీటి సాంద్రత 1.000 అయితే, గేదె పాలది సుమారు 1.030 నుండి 1.032, ఆవు పాలది 1.028 నుండి 1.030 ఉంటుంది. ఈ చివరి అంకెలే కాడపై 28, 30, 32గా కనిపిస్తాయి. నీరు కలిస్తే లాక్టోమీటరు మరింత మునిగి, రీడింగు తగ్గుతుంది. పాలు వెచ్చగా ఉన్నా, వాటిలో గాలి బుడగలున్నా ఇదే జరుగుతుంది. అందువలన ఈ క్రింది జాగ్రత్తలు అవసరం.

1. అప్పుడే పితికిన పాలను వెంటనే పరీక్షించరాదు. నురుగు, వేడి తగ్గనివ్వాలి.

2. పాలను అడుగు నుండి బాగా కలిపి, నమూనాను జాడీ అంచు వెంబడి నెమ్మదిగా, నిండుగా పోయాలి. పైనున్న నురుగు తీసివేయాలి.

3. జాడీని సమతలంపై ఉంచాలి. శుభ్రంగా తుడిచిన లాక్టోమీటరును మెల్లగా దించాలి. అది గోడను తాకకూడదు.

4. కదలిక ఆగిన తరువాత, కన్ను పాలమట్టానికి సమంగా ఉంచి చూడాలి. పాలు కాడ చుట్టూ కొంచెం పైకెక్కినట్లుంటాయి. ఆ పై అంచు దగ్గరి అంకెను తీసుకోవాలి.

5. వెంటనే థర్మామీటరుతో పాల వేడి చూసి రెండు అంకెలూ వ్రాయాలి.

లాక్టోమీటరు ఏ ఉష్ణోగ్రతకు తయారైనదో దానిపైనే ఉంటుంది. 27 డిగ్రీల సెంటీగ్రేడుకు తయారైనదైతే, పాలు అంతకు మించి వేడిగా ఉన్న ప్రతి డిగ్రీకీ సుమారు 0.2 కలపాలి. తక్కువైతే అంతే తీసివేయాలి.

ఒక ఉదాహరణ చూడండి. గేదె పాలలో వెన్న 6 శాతం, వేడి 35 డిగ్రీలు, రీడింగు 28. ఈ లాక్టోమీటరుకు వాడే సూత్రం: రీడింగులో నాలుగోవంతు, వెన్న శాతంలో నాలుగోవంతు, 0.44 కూడాలి. సవరించకుంటే ఎస్.ఎన్.ఎఫ్. 8.94. ఎనిమిది డిగ్రీలకు 1.6 కలిపితే రీడింగు 29.6, ఎస్.ఎన్.ఎఫ్. 9.34. గేదె పాలకు ఉండవలసిన కనీసం 9.0. అంటే మంచి పాలే సవరణ లేక నాసిరకమని తేలుతున్నాయి! రైతు ధర పోతుంది, సంఘంపై నమ్మకమూ పోతుంది.

మరొక్క మాట. రీడింగు బాగున్నంత మాత్రాన పాలు మంచివని కాదు. వెన్న తీస్తే రీడింగు పెరుగుతుంది, నీరు కలిపితే తగ్గుతుంది. రెండూ చేసిన పాలు లాక్టోమీటరుకు మామూలుగానే కనిపిస్తాయి. కనుక వెన్న పరీక్ష తప్పనిసరి.

నేడు అనేక కేంద్రాలలో ఎలక్ట్రానిక్ యంత్రాలున్నాయి. వాటిలోనూ నురుగు పాలు పోస్తే ఫలితం తప్పుతుంది. అనుమానం వచ్చినపుడు సరిచూసుకోవడానికి లాక్టోమీటరు, థర్మామీటరు ప్రతి సంఘంలో ఉండాలి. అప్పుడప్పుడు ఒకే పాలలో మీ లాక్టోమీటరును, శీతలీకరణ కేంద్రంలోని దానిని ఉంచి పోల్చండి. సభ్యులారా, రీడింగును మీ కళ్ళతో చూడండి, పాల వేడి ఎంతో అడగండి. అడిగిన సభ్యునికి చూపించడం టెస్టరు బాధ్యత.