గడగడా చదివినా అర్థం కావడం లేదా? – సరిహద్దు పల్లెల పిల్లలు, రెండు భాషల చదువు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు ఇళ్లలో సాయంకాలం వేళ తరచుగా కనిపించే దృశ్యం ఒకటి ఉంది. నాలుగో తరగతి పిల్లవాడు తమిళ వాచకాన్ని ఒళ్లో పెట్టుకుని పాఠాన్ని తడబడకుండా పైకి చదువుతాడు. అవ్వ మురిసిపోతుంది. "ఏముందిరా అందులో?" అని అడిగితే మాత్రం వాడు మళ్లీ మొదటి వాక్యమే చదువుతాడు. కోలారు, బళ్లారి జిల్లాల్లో కన్నడం, గంజాం, రాయగడల్లో ఒడియా, నాందేడు జిల్లా సరిహద్దు గ్రామాల్లో మరాఠీ – వాచకం మారుతుంది గాని పరిస్థితి మారదు. ఇటువంటి పిల్లవాణ్ణి బడిలో మొద్దు అనీ, ఇంట్లో సోమరి అనీ అనడం పరిపాటి. రెండూ అన్యాయమైన మాటలే. పై తరగతులకు పోయేకొద్దీ సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం కూడా చదివి గ్రహించవలసినవే. కాబట్టి ఈ లోటును సకాలంలో గుర్తించకపోతే పిల్లవాడు ఒక్క భాషలోనే కాదు, అన్ని సబ్జెక్టుల్లోనూ వెనుకబడతాడు. చివరకు బడి మీదనే విరక్తి పెంచుకుంటాడు.

చదివి అర్థం చేసుకోవడమనేది ఒకే శక్తి కాదు, రెండు శక్తుల కలయిక. అక్షరాలను చూసి మాటగా పలకగలగడం మొదటిది. ఆ మాటలనే ఎవరైనా నోటితో చెబితే విని గ్రహించగలగడం రెండవది. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఈ సంబంధాన్ని గుణకారంగా చూపారు. కూడికలో ఒకటి లేకపోయినా రెండవది మిగులుతుంది. గుణకారంలో ఒకటి సున్న అయితే ఫలితం మొత్తం సున్నే. సంస్కృతం రానివారు తెలుగు లిపిలో అచ్చయిన విష్ణు సహస్రనామాన్ని ఒక్క తప్పు లేకుండా పారాయణ చేయగలగడం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. పారాయణకు పుణ్యం దక్కవచ్చు గాని, పరీక్షలో మార్కులు దక్కవు.

లిపి విషయంలో మన పిల్లల కష్టం అన్ని చోట్లా ఒకే తీరుగా ఉండదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. అందుచేత కోలారు వైపు పిల్లలకు కన్నడ అక్షరాలు కొద్ది కాలంలోనే పట్టుబడతాయి. ఈ సౌలభ్యంలోనే ఒక ప్రమాదం ఉంది. నోరు వేగంగా సాగుతున్నందువల్ల అర్థం కూడా వెంట నడుస్తున్నదని పెద్దలు భ్రమిస్తారు. తమిళం సంగతి వేరు. అక్కడ క, గ రెంటికీ ఒకే అక్షరం. త, ద లకూ అంతే. గాంధీ పేరునూ, వెలుగు అనే అర్థం గల కాంతి శబ్దాన్నీ తమిళంలో ఒకే విధంగా రాస్తారు. ఏ మాటో ముందుగా తెలిసినవాడే దానిని సరిగా గుర్తించగలడు. అనగా తమిళంలో సరిగా చదవడానికి కూడా తమిళం విని ఉండాలి.

లిపి కన్నా పెద్ద చిక్కు, తెలిసినట్లే కనిపించే మాటలతో వస్తుంది. మనకు 'అవసరం' అంటే కావలసినది. తమిళంలో, కన్నడంలో అదే మాటకు తొందర అని అర్థం. 'శిక్ష' అంటే మనకు దండన, ఒడియాలో చదువు. 'ఉపన్యాసం' మనకు సభలో చేసే ప్రసంగం, ఒడియాలో నవల. మనం తర్ఫీదు అనే అర్థంలో వాడే 'శిక్షణ' మరాఠీలోనూ, కన్నడంలోనూ విద్య. తెలియని మాట ఎదురైతే పిల్లవాడు ఆగి ఎవరినైనా అడుగుతాడు. తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగడు. అక్కడే పేరా మొత్తం పక్కదారి పడుతుంది. ఇటువంటి మాటలను ఒక నోటు పుస్తకంలో రాసుకునే అలవాటు చేయిస్తే, వ్యాకరణ పాఠాల కన్నా అది ఎక్కువ మేలు చేస్తుంది. పిల్లలకు అదొక వినోదం కూడా.

"మావాడు వీధిలో తమిళపు పిల్లలకన్నా బాగా తమిళం మాట్లాడతాడు, పాఠం ఎందుకు రాదు?" అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. ఈ ప్రశ్నకు కెనడా విద్యావేత్త జిమ్ కమ్మిన్స్ పరిశోధనల్లో సమాధానం దొరుకుతుంది. కొత్త భాషలో ఆటపాటలకు సరిపడే మాటతీరు సుమారు 2 సంవత్సరాల్లో అబ్బుతుంది. పాఠ్యపుస్తకాల భాషలో తోటివారితో సమానం కావడానికి 5 నుంచి 7 సంవత్సరాలు పట్టవచ్చు. వీధిలో చేతి సైగ, ముఖకవళిక, ఎదుట ఉన్న వస్తువు సాయం చేస్తాయి. పుస్తకంలో ఆ సాయం ఉండదు. తమిళనాడులో 2006లో చేసిన చట్టం ప్రకారం 2006–07లో 1వ తరగతితో ఆరంభించి ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేశారు. ఇంటి భాష తెలుగైన పిల్లలకు ఆ 5–7 సంవత్సరాల గడువు ఎంత ముఖ్యమో దీనిని బట్టి ఊహించవచ్చు.

అలాగని ఇంట్లో తెలుగు మానివేసి, వచ్చీరాని తమిళమో కన్నడమో మాట్లాడటం పరిష్కారం కాదు. ఈ సలహా ఇచ్చేవారు పల్లెల్లో ఇంకా ఉన్నారు. దానిని వినకపోవడమే మంచిది. ఒక భాషలో గ్రహించిన విషయం రెండవ భాషలోకి సులభంగా ప్రవహిస్తుందని కూడా కమ్మిన్స్ వాదించారు. నీరు వేడెక్కి ఆవిరై పైకి పోయి వానగా ఎలా కురుస్తుందో తెలుగులో అర్థమైన పిల్ల, కన్నడంలో దానిని 'ఆవి' అంటారనీ, తమిళంలో 'నీరావి' అంటారనీ తెలుసుకుంటే చాలు. విషయాన్ని మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కరలేదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలను ఉద్దేశించి, 1956 నుంచి చెబుతున్నది. నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పడానికి పూనుకున్నారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం వెనుక ఉన్నది కూడా ఇదే. వింటే అర్థం కాని భాష అచ్చులో చూస్తే అర్థం కాదు.

వినికిడి పాటవం ఇంట్లోనే పెరుగుతుంది. సుమారు 7, 8 తరగతుల వరకు పిల్లలు చదివి గ్రహించే దానికన్నా విని గ్రహించేదే ఎక్కువ. కాబట్టి వారు సొంతంగా చదవలేని స్థాయి కథను పెద్దలు చదివి వినిపించాలి. చదువు రాని అవ్వ చెప్పే కథ కూడా ఇందుకు తక్కువది కాదు. ఎందుకు జరిగింది, ఆ పైన ఏమైంది అనే వరుసను మనసులో నిలుపుకోవడం పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. టీవీ సీరియల్‌కు ఆ గుణం తక్కువ. బొమ్మే సగం కథ చెప్పేస్తుంది, అడిగితే ఆగి సమాధానం ఇచ్చేవారూ ఉండరు.

ఇక చదివినది బుర్రకెక్కించే పద్ధతి. అమెరికాలో పాలిన్సర్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు, పదాలు బాగా చదువుతూ అర్థం మాత్రం పట్టలేని 7వ తరగతి విద్యార్థులతో చేసిన ప్రయోగాన్ని 1984లో ప్రచురించారు. పేరా పేరాకు ఆగి సారాంశం చెప్పడం, దాని మీద తానే ఒక ప్రశ్న వేయడం, తెలియని చోటును తేల్చుకోవడం, తరువాత ఏమి రాబోతుందో ఊహించడం – ఈ నాలుగు పనులను మొదట గురువు చేసి చూపి, క్రమంగా పిల్లలకే అప్పగించారు. కొన్ని వారాల్లోనే వారి గ్రహణశక్తి స్పష్టంగా మెరుగుపడింది. మన ఇళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. తమిళ అక్షరం రాని తల్లి కూడా "ఆ పేరాలో ఏముందో తెలుగులో చెప్పు నాయనా" అని అడగవచ్చు. బిడ్డ చెప్పలేకపోయిన చోటు ఏదో ఆమెకు వెంటనే తెలుస్తుంది. "రాజు ఎక్కడికి పోయాడు?" అనే ప్రశ్నకు పుస్తకంలోని వాక్యాన్నే అప్పగించవచ్చు, "ఎందుకు పోయాడు?" అంటే ఆలోచించక తప్పదు. జవాబు తెలుగులో వచ్చినా సంతోషంగా అంగీకరించాలి. బడి భాషలో చెప్పడం ఆ తరువాతి మెట్టు.

అక్షరాల దగ్గరే తడబడే పిల్లలకు మాత్రం ఇవేవీ ముందుగా పనికిరావు. పదాన్ని కూడబలుక్కోవడంలోనే శ్రద్ధంతా ఖర్చయితే అర్థానికి మిగిలేది ఉండదు. అటువంటివారిచేత ఒకే చిన్న పాఠాన్ని మూడు నాలుగు రోజులు మళ్లీ మళ్లీ చదివించాలి.

ఎంత చేసినా ఫలితం కనిపించకపోతే చెవిని, కంటిని పరీక్ష చేయించాలి. చెవిలో చీము కారే పిల్లలకు వెనుక బెంచీలో పాఠం సగమే వినిపిస్తుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు సంవత్సరానికి ఒకసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వచ్చి పరీక్షలు జరపవలసి ఉంది. చూపు, వినికిడి లోపాలు ఆ జాబితాలో ఉన్నాయి. బృందం వచ్చే రోజు ఏదో ప్రధానోపాధ్యాయుణ్ణి ముందుగా అడిగి తెలుసుకుని, ఆ రోజు పిల్లను తప్పక బడికి పంపాలి.