తాళం చేతికిస్తే ముందు ఏం చేస్తారు?

సాయంత్రం పూట పిడుగురాళ్ల దగ్గర అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారి పక్కన కాసేపు నిలబడితే పల్నాడు మొత్తం కళ్ల ముందు నుంచి వెళ్తుంది. సున్నం లారీలు, గుంటూరు యార్డుకు పోయే మిరప టిక్కీలు, పత్తి బోరెలు, హైదరాబాద్ బస్సులు. వాటి మధ్యలో ఎప్పుడో ఒకసారి నేలకు ఆనుకున్నట్టుండే ఓ స్పోర్ట్స్ కారు ‘బుయ్’మని దూసుకుపోతుంది. టీ బడ్డీ దగ్గరున్న కుర్రాళ్లంతా ఫోన్లు తీసేలోపే మాయం!

సరే, ఆ కారు ఆగిందనుకోండి. అందులోంచి దిగినాయన తాళం మీ చేతిలో పెట్టి ‘పది నిమిషాలు నడిపి చూడు, ఎలా ఉందో చెప్పు’ అన్నాడనుకోండి. ముందు ఏం చేస్తారు?

సెల్ఫీ అంటారు కొందరు. యాక్సిలరేటర్ మీద కాలు అంటారు ఇంకొందరు. ఇదే తాళం కంపెనీ టెస్ట్ డ్రైవర్‌కిస్తే ఆయన ముందు సీటు సర్దుకుంటాడు. అద్దాలు చూసుకుంటాడు. టైర్లలో గాలి ఎంతుందో అడుగుతాడు. మొదటి నాలుగైదు మలుపులు నెమ్మదిగా తిప్పి, బ్రేకు ఎక్కడ పట్టుకుంటోందో కాలితో తెలుసుకుంటాడు. వేగం సంగతి ఆ తర్వాతే. గంటకు వంద కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఒక్క సెకను ఏమరుపాటు రెండు, మూడు లారీల పొడవుతో సమానం. (అన్నట్టు ఈ ప్రయోగం హైవే మీద చెయ్యకండి. అందుకు వేరే ట్రాకులున్నాయి. వాటి గురించి కింద చెప్పుకుందాం.)

ఉద్యోగాల పేజీలో కారు గొడవెందుకు అంటారా? ఇంటర్వ్యూ గదిలో మన పిల్లలు తడబడే ఒక మాటకు ఈ టెస్ట్ డ్రైవ్‌తో దగ్గరి చుట్టరికం ఉంది. ఆ మాట లీడర్‌షిప్.

‘అంటే ఏం చేశారు?’

ఏ రెజ్యూమె తిరగేసినా ‘గుడ్ లీడర్‌షిప్ స్కిల్స్’ అన్న లైను ఉంటుంది. సీనియర్ రెజ్యూమెలోంచి జూనియర్‌కు, అక్కడి నుంచి తమ్ముడికి కాపీ అవుతూ వస్తుంటుంది. గదిలో సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది.

‘లీడర్‌షిప్ అని రాశారు. ఎక్కడ చేశారు?’

‘కాలేజ్ ఫెస్ట్‌లో సార్.’

‘ఏం చేశారు?’

‘టీమ్‌ను లీడ్ చేశాను సార్.’

‘అంటే ఏం చేశారు?’

అక్కడ ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది.

ఆ అబ్బాయికి నాయకత్వం లేదని కాదు. చేసిన పనిని విడమర్చి చెప్పడం అలవాటు లేదు. టెస్ట్ డ్రైవర్‌కు కంపెనీ జీతమిచ్చేది సరిగ్గా ఆ అలవాటుకే. ‘కారు బాగుంది’ అంటే ఆయన ఉద్యోగం నిలవదు. ‘ఎనభై దాటాక ఎడమ మలుపులో స్టీరింగ్ వదులవుతోంది, కుడి మలుపులో అలా లేదు’ అనాలి. అప్పుడే ఇంజినీరుకు ఏ బోల్టు చూడాలో తెలుస్తుంది.

సెన్నా అన్న మాట

1989 ఫిబ్రవరి. జపాన్‌లోని సుజుకా ట్రాక్. హోండా కంపెనీ ఎన్‌ఎస్ఎక్స్ అనే స్పోర్ట్స్ కారు తయారుచేస్తోంది. ఫెరారీలకు దీటుగా నిలవాలన్నది పంతం. అంతకుముందు ఏడాదే ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నా హోండా ఇంజిన్ ఉన్న రేసు కారును పరీక్షించడానికి అక్కడికొచ్చాడు. ‘మా కారు కూడా ఒకసారి నడిపి చూడండి’ అన్నారు ఇంజినీర్లు. నడిపాడు. దిగాక మొహమాటపడలేదు. కారు కాస్త పెళుసుగా అనిపిస్తోందన్నాడు.

ఆ గదిలో మీరున్నారనుకోండి. ఏళ్ల తరబడి చేసిన కారు. అదే నెలలో అమెరికాలో షికాగో ఆటో షోలో ప్రపంచానికి చూపించేశారు కూడా. ఇప్పుడొక బయటి మనిషి వచ్చి బలం చాలదంటున్నాడు. ‘ఆయన రేసు కార్లకు అలవాటుపడ్డాడు, రోడ్డు కారు సంగతి ఆయనకేం తెలుసు’ అని తీసిపారెయ్యడం చాలా తేలిక. ప్రాజెక్టు పెద్ద షిగెరు ఉఎహరా బృందం ఆ దారి పట్టలేదు. కారును జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌కు తీసుకెళ్లారు. 20 కిలోమీటర్లు దాటిన పొడవుతో, కొండల్లో మెలికలు తిరిగే ట్రాక్ అది. నెలల తరబడి అక్కడే తిప్పి, ఎక్కడ వంగుతోందో వెతికి, బాడీ గట్టిదనాన్ని సుమారు 50 శాతం పెంచారు. 1990లో అమ్మకానికొచ్చిన ఆ కారును స్పోర్ట్స్ కార్ల అభిమానులు నేటికీ చెప్పుకొంటారు.

ఈ కథలో నాయకుడెవరు? సెన్నా అనేస్తాం చప్పున. నా ఓటు మాత్రం ఉఎహరాకే. లోపం చెప్పినవాడికి పోయేదేమీ లేదు. విన్నవాడు తన షెడ్యూలు, తన పేరు రెండూ పణంగా పెట్టాడు.

లాంబోర్గినీ టెస్ట్ డ్రైవర్ వాలెంటీనో బాల్బోనీది ఇంకో దారి. 1968లో ఆ కంపెనీలో మెకానిక్ పని నేర్చుకునే కుర్రాడిగా చేరాడు. 1973లో టెస్ట్ డ్రైవర్ అయ్యాడు. నలభై ఏళ్లు అక్కడే. ఆయన చేతి కింద ఎంతమంది పనిచేశారన్నది లెక్క కాదు. ఆయన ‘సరే’ అంటే కారుకు విలువ. 2009లో కంపెనీ ఆయన పేరు మీదే ఒక గల్లార్డో మోడల్ తెచ్చింది. మిగతా గల్లార్డోల్లా నాలుగు చక్రాలకు కాకుండా, ఆయనకు నచ్చినట్టు వెనక చక్రాలకే ఇంజిన్ శక్తి అందే కారు. చేసినవి 250. హోదా లేకుండా మాట నెగ్గించుకోవడమంటే ఇదే.

స్టీరింగ్ వదిలే పని

మనకు అంత ఖరీదైన కార్లు ఎవరిస్తారండీ అంటే, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక దారుంది. సొంతంగా చేసుకోవడమే! 1981లో అమెరికాలో మొదలైన ఫార్ములా ఎస్‌ఏఈ పోటీల్లో విద్యార్థులే చిన్న రేసు కారు డిజైన్ చేసి, తయారుచేసి, నడుపుతారు. మన దగ్గర అదే పద్ధతిలో ఫార్ములా భారత్, ఎగుడుదిగుడు దారుల బండ్లకు బాహా పోటీలు జరుగుతున్నాయి.

ఫార్ములా ఎస్‌ఏఈ మార్కుల పట్టిక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొత్తం 1000. అందులో 325 కారు కదలకుండానే వస్తాయి. డిజైన్ ఎందుకలా చేశారో చెప్పడానికి 150, ఖర్చు లెక్కకు 100, ఈ కారుతో వ్యాపారం ఎలా చేస్తారో వివరించడానికి 75. నేరుగా 75 మీటర్లు ఎంత తొందరగా పరుగెత్తిందన్న దానికి వచ్చేది 100 మాత్రమే. వెల్డింగ్ బాగా వచ్చిన కుర్రాడు, లెక్కలు రాసే అమ్మాయి, మాట్లాడగలిగినవాడు.. ముగ్గురిలో ఎవరు తగ్గినా కిందికి పోతారు.

అసలు పరీక్ష 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ పరుగు. సగం దూరం పోయాక డ్రైవర్ దిగిపోవాలి, రెండో డ్రైవర్ ఎక్కాలి. అది నిబంధన. కారు అద్భుతంగా పోతోంది, చేతికి అలవాటైంది, అయినా దిగాల్సిందే. దిగుతూ ఆ కొద్ది నిమిషాల్లో ‘బ్రేకు మెత్తబడుతోంది, మూడో మలుపులో ఇసుకుంది’ అని చెప్పగలగాలి. చెప్పకుండా దిగినవాడు ఎంత వేగంగా నడిపినా టీమ్‌ను ముంచినట్టే.

మన హైదరాబాద్ సత్య నాదెళ్ల ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్న క్రికెట్ సంగతి ఇలాంటిదే. స్కూల్లో ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ తేలిపోతోంది. కెప్టెన్ బంతి తీసుకుని తానే వేశాడు, వికెట్ పడగొట్టాడు. తర్వాత బంతిని మళ్లీ నాదెళ్ల చేతికే ఇచ్చాడు. కుర్రాడి ధైర్యం చెడకూడదని కావచ్చు. బంతి లాక్కోవడం ఎవరైనా చేస్తారు. తిరిగి ఇచ్చిన కెప్టెన్‌ను 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన మనిషి కూడా మరిచిపోలేదు.

మిరప చేలో మేనేజ్‌మెంట్

ఇప్పుడు మన ఊరి సంగతి. కోతల సీజన్లో మిరప చేలల్లో ముఠా మేస్త్రి పని దగ్గరగా చూశారా? పాతిక మంది కూలీలు. కొందరు ఊళ్లోవాళ్లు, కొందరు కర్నూలు వైపు నుంచి వలస వచ్చినవాళ్లు. రైతుతో రేటు మాట్లాడాలి. ఆటో కుదర్చాలి. ఒకామె చేయి నెమ్మది, ఇంకొకామెకు ఒంట్లో బాగోలేదు, మూడో ఆమె పక్క ముఠాకు పోతానంటోంది. అందరినీ కలుపుకొని సాయంత్రానికి చేను దాటించాలి. వారం చివర కూలి లెక్కలో పది రూపాయలు తేడా వచ్చినా మర్నాడు ఎవరూ రారు.

మీలో ఎంతోమంది సెలవుల్లో ఆ లెక్కలు రాసినవాళ్లే. సున్నపు బట్టీ దగ్గర నాన్నకు బదులు లోడు లెక్క చూసినవాళ్లే. అదంతా రెజ్యూమెలో ఎందుకు ఉండదు? నామోషీ. కూలి పని అంటే ఇంటర్వ్యూలో చిన్నచూపు చూస్తారని భయం. నాకు తెలిసినంతలో ఉల్టా జరుగుతుంది. ‘ఫెస్ట్‌లో టీమ్‌ను లీడ్ చేశాను’ అన్న మాట ఆ రోజు ప్యానెల్ ఇరవై సార్లు వినే ఉంటుంది. ‘ఇరవై ఆరు మంది హాజరు, కూలి లెక్క రెండు నెలలు చూశాను. మూడో వారం లెక్క తప్పింది. అందరి ముందు ఒప్పుకుని, ఆ రోజు నుంచి సాయంత్రమే చదివి వినిపించడం మొదలుపెట్టాను’ అంటే తల పైకెత్తి చూస్తారు. మీది డిగ్రీయా, ఇంజినీరింగా అన్నది అక్కడ రెండో ప్రశ్న.

అయితే ఒకటి. జరగనిది కల్పించకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

చప్పుడు లేని కార్లు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలో తొలి ఫార్ములా ఈ రేసు జరిగింది. అన్నీ ఎలక్ట్రిక్ కార్లే. గంటకు 320 కిలోమీటర్ల దాకా పోగలిగే కార్లు, కానీ చెవులు చిల్లులుపడే మోత లేదు. చూడ్డానికెళ్లిన కొందరికి అదే వెలితి. లోపల మాత్రం డ్రైవర్ పని పూర్తిగా మారిపోయింది. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలాగే రావాలి. కాలు ఎప్పుడు తొక్కాలన్న దానికన్నా ఎప్పుడు తియ్యాలన్నదే లెక్క. ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో శక్తిని పొదుపు చేసుకుంటూనే వెనకున్న నిక్ క్యాసిడీని ముందుకు పోనివ్వలేదు.

పెట్రోలు కారులో ఇరవై ఏళ్లు ఆరితేరినవాడు ఇక్కడ మళ్లీ ఎల్‌కేజీ. ఆఫీసుల్లోనూ అంతే. వరల్డ్ ఎకనమిక్ ఫోరమ్ 2025 నివేదిక ప్రకారం ఉద్యోగులకు కావాల్సిన ప్రధాన నైపుణ్యాల్లో 39 శాతం 2030కల్లా మారిపోతాయని కంపెనీల అంచనా. అదే నివేదికలో కంపెనీలు ముఖ్యమన్న నైపుణ్యాల్లో విశ్లేషణ, పరిస్థితికి తగ్గట్టు సర్దుకోవడం మొదటి రెండూ. మూడోది నాయకత్వం. కోడ్ రాసే పని ఏఐ కొంత లాక్కుంటున్న రోజుల్లో ఆ మూడో స్థానం గమనించదగ్గదే.

ఇక పని ఎక్కడ?

కార్ల మీద మనసున్నవాళ్లకు మన దగ్గరే దారులున్నాయి. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైంది. విజయవాడకు దగ్గర్లోని మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025లో ప్రారంభమైంది. హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రముంది. పైన చెప్పిన ట్రాకుల్లో పెద్దది మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఉంది. న్యాట్రాక్స్ పేరుతో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాక్, 2021లో ప్రారంభించారు. స్పోర్ట్స్ కార్లను కూడా అక్కడ పరీక్షిస్తారు. ప్రకటనల్లో ‘టెస్టింగ్ అండ్ వ్యాలిడేషన్’, ‘కాలిబ్రేషన్’, ‘వెహికల్ డైనమిక్స్’ అన్న పేర్లు వెతకండి. మెకానికల్ వాళ్లవే కాదు, ఎలక్ట్రానిక్స్ వాళ్లకూ అందులో చోటుంది.

బీకామ్, బీఏ వాళ్లకు షోరూమ్ సేల్స్ కన్సల్టెంట్ ఉద్యోగం ఉంది. దాన్ని తక్కువగా చూడొద్దు. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ కస్టమర్ చేతిలో, మీరు పక్క సీట్లో. ఆయన గేరు తప్పుగా వేస్తే కోప్పడలేరు. భార్య వెనక సీట్లోంచి ‘ఇరుకుగా ఉంది’ అంటే వినిపించనట్టు ఉండలేరు. ఎక్కువ మాట్లాడితే బేరం పోతుంది, అసలు మాట్లాడకపోయినా పోతుంది. చేతిలో స్టీరింగ్ లేకుండా బండిని గమ్యానికి చేర్చే పని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి నాకైతే కనిపించలేదు.

వచ్చే ఇంటర్వ్యూ ముందు రోజు ఒక పని చేసి చూడండి. మీరు ముందుండి చేసిన పని ఒకటి.. చెరువు కట్ట మీద క్రికెట్ టోర్నమెంటయినా సరే.. ఎంతమంది, ఎన్ని రోజులు, ఎక్కడ చెడింది, ఎవరు చెబితే తెలిసింది, ఏం మార్చారు అన్నవి రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చెయ్యండి. మొదట తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లిషులో. వింటూ ఉంటే ‘బాగా చేశాం’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. వచ్చిన ప్రతిచోటా దాన్ని తీసేసి, ఆ రోజు ఏం జరిగిందో పెట్టి మళ్లీ రికార్డు చెయ్యండి.