పియానోలో పల్లెపాట

టర్కీ పియానో విద్వాంసుడు ఫజిల్ సాయ్ 'నల్లమట్టి' అనే తన కృతిని వాయించేటప్పుడు ఎడమచేతిని పియానో లోపలికి పోనిచ్చి తీగలను నొక్కిపెడతారు. కుడిచేయి మెట్లమీదే ఉంటుంది. దాంతో అంత పెద్ద పియానో గొంతు తగ్గించుకుని, అక్కడి పల్లెల్లో వాయించే 'సాజ్' అనే తీగవాద్యంలా పలుకుతుంది. చూసి తీరవలసిన విద్య అది.

1997లో కూర్చిన ఈ కృతికి మూలం ఆషిక్ వేసెల్ పాట. చిన్నతనంలోనే అమ్మవారు పోసి చూపు పోగొట్టుకున్న ఆ శివాస్ ప్రాంత గాయకుడు, తనను విడవని నేస్తం నల్లమట్టేనని పాడుకున్నారు. 1973లో ఆయన కన్నుమూసేనాటికి సాయ్‌కు మూడేళ్లు. అంకారాలో పుట్టి జర్మనీలో చదువుకున్న సాయ్, ఆ పాటను దేశదేశాల సభలకెక్కించడం విశేషం.

సొంతగడ్డపై ఆయనకు చిక్కులూ తప్పలేదు. ట్విట్టర్‌లో పెట్టిన రాతలు మతవిశ్వాసాలను కించపరిచాయంటూ 2013లో ఇస్తాంబుల్ కోర్టు పది నెలల జైలుశిక్ష వేసి, అమలు నిలిపి ఉంచింది. పైకోర్టు 2015లో ఆ తీర్పును కొట్టివేయగా, 2016లో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. సంగీతం మాత్రం ఆపలేదు.

2019 జనవరిలో అంకారాలో జరిగిన సాయ్ కచేరీకి దేశాధ్యక్షుడు ఎర్డోగాన్ స్వయంగా వచ్చారు. ఆహ్వానించింది సాయే. అందుకు ఆయనను తప్పుపట్టిన అభిమానులూ లేకపోలేదు.