రిపోర్టులో ‘పాజిటివ్‌’ ఉంటే జబ్బు ఉన్నట్టేనా?

ఆఫర్‌ లెటర్‌ వచ్చింది. చేరేలోపు ఓసారి అన్నీ చూపించుకుందామని ల్యాబ్‌లో హెల్త్‌ ప్యాకేజీ తీసుకున్నారు. ఫోన్‌కు వచ్చిన పీడీఎఫ్‌లో షుగర్‌, థైరాయిడ్‌ మామూలే. చివరి పేజీలో మాత్రం ‘హెచ్‌ఎస్‌వీ ఐజీఎం: పాజిటివ్‌’ అని ఉంది. నెట్‌లో వెతికితే ‘జననాంగ హెర్పిస్‌’ అని కనిపిస్తుంది. ఇంట్లో చెప్పలేరు, రూమ్మేట్‌ని అడగలేరు. ఉద్యోగం పోతుందేమో, పెళ్లి కాదేమోనన్న భయం. ఇలాంటి పరిస్థితి ఎదురైతే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: లక్షణాలేమీ లేనప్పుడు ఆ ఒక్క పదంతో జబ్బు ఖాయమైనట్టు కాదు.

వెతికేది వైరస్‌ని కాదు

హెర్పిస్‌ సింప్లెక్స్‌ వైరస్‌లో రెండు రకాలున్నాయి. హెచ్‌ఎస్‌వీ-1 వల్ల ఎక్కువగా పెదాల దగ్గర పొక్కులు వస్తాయి. చాలామందికి ఇది చిన్నప్పుడే సోకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో దాదాపు 380 కోట్ల మందిలో ఇది ఉంది. హెచ్‌ఎస్‌వీ-2 ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. 15-49 ఏళ్ల వారిలో సుమారు 52 కోట్ల మందికి ఉందని అంచనా.

రక్తపరీక్ష వైరస్‌ని పట్టుకోదు. దానిపై పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీల్ని వెతుకుతుంది. అందుకే హెచ్‌ఎస్‌వీ-1 యాంటీబాడీలు కనిపించినా, వైరస్‌ పెదాల దగ్గరుందో జననాంగాల దగ్గరుందో రక్తం చెప్పలేదు.

ఐజీఎం వేరు, ఐజీజీ వేరు

కొత్తగా ఇన్ఫెక్షన్‌ వస్తే ఐజీఎం కనిపిస్తుందని పుస్తకాల్లో చదువుకుంటాం. హెర్పిస్‌ విషయంలో ఈ లెక్క కుదరదు. పాత ఇన్ఫెక్షన్‌ తిరగబెట్టినా ఐజీఎం రావచ్చు. పైగా ఈ పరీక్ష రెండు రకాల వైరస్‌ల మధ్య తేడా చెప్పలేదు. అందుకే హెర్పిస్‌ నిర్ధారణకు ఐజీఎం వాడొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ చెబుతోంది. మన ల్యాబుల్లో ‘టార్చ్‌’ పేరుతో చేసే పరీక్షల్లో మాత్రం ఇది ఇప్పటికీ కనిపిస్తుంది.

కాస్త నమ్మదగింది రకాన్ని విడిగా చెప్పే ఐజీజీ పరీక్ష. దీనిలోనూ రెండు మెలికలున్నాయి. మొదటిది సమయం. యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుంది. వైరస్‌ సోకిన 12 వారాల్లోపు చేయిస్తే నెగెటివ్‌ వచ్చినా పూర్తిగా నమ్మలేం. రెండోది అంకె. చాలా కిట్లలో ఇండెక్స్‌ 1.1 దాటితే పాజిటివ్‌ అని రాస్తారు. హెచ్‌ఎస్‌వీ-2కి అంకె 3 లోపు ఉంటే అది తప్పుడు పాజిటివ్‌ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. వేరే పద్ధతిలో మరో పరీక్ష చేసి ఖాయం చేసుకోవాలి.

బేయీస్‌ సిద్ధాంతం గుర్తుందా?

ఇంటర్‌ మ్యాథ్స్‌ 2ఏలో చదివిందే. ఉదాహరణకు 1000 మందిలో 20 మందికే వైరస్‌ ఉందనుకుందాం. పరీక్ష 95 శాతం కచ్చితమనుకుందాం. ఆ 20 మందిలో 19 మందిని సరిగ్గా పట్టుకుంటుంది. మిగతా 980 మందిలో 5 శాతం, అంటే 49 మందికి తప్పుగా పాజిటివ్‌ చూపిస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 68. వాటిలో నిజమైనవి 19 మాత్రమే! పరీక్ష మంచిదైనా, జబ్బు అరుదుగా ఉన్నచోట ఫలితం ఇలా తికమక పెడుతుంది. లక్షణాలు లేనివారికి మూకుమ్మడిగా ఈ పరీక్ష చేయొద్దని అమెరికా ప్రివెంటివ్‌ సర్వీసెస్‌ టాస్క్‌ఫోర్స్‌ 2016లోనూ, 2023లోనూ చెప్పడానికి ఇదో ముఖ్య కారణం.

పొక్కు ఉంటే ఆలస్యం వద్దు

జననాంగాల దగ్గర పొక్కులు, పుండ్లు, మంట ఉంటే రక్తపరీక్షతో సరిపెట్టుకోకండి. పుండు ఎండకముందే డాక్టర్‌ దగ్గరికెళ్లాలి. అక్కడి నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పీసీఆర్‌ చేస్తే నేరుగా వైరస్‌ దొరుకుతుంది. రకం కూడా తెలుస్తుంది.

నిజంగానే ఉందని తేలితే? వైరస్‌ శరీరం నుంచి పూర్తిగా పోదు. కానీ అసైక్లోవిర్‌, వాలాసైక్లోవిర్‌ వంటి మందులతో బాధ, తిరగబెట్టడం తగ్గుతాయి. కండోమ్‌ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. భాగస్వామికి చెప్పడం, గర్భిణి అయితే డాక్టర్‌కు చెప్పడం తప్పనిసరి. పక్క సీట్లో కూర్చున్నంత మాత్రాన, చేయి కలిపినంత మాత్రాన, ఒకే బాత్రూమ్‌ వాడినంత మాత్రాన జననాంగ హెర్పిస్‌ అంటుకోదు. ఉద్యోగం చేయడానికి అది అడ్డం కాదు. మీ సొంతంగా చేయించుకున్న రిపోర్టును ఎవరూ అడగకుండానే హెచ్‌ఆర్‌కు పంపాల్సిన పనీ లేదు.

ఇవి అడగండి

* చేసింది ఐజీఎమ్మా, ఐజీజీయా?

* రకం విడిగా చెప్పారా? ఇండెక్స్‌ ఎంత?

* ముప్పు ఎదురై 12 వారాలు దాటిందా?

జవాబులు రాసుకుని చర్మ, సుఖవ్యాధుల నిపుణుల్ని కలవండి. ప్రభుత్వాసుపత్రుల్లోని ‘సురక్ష’ క్లినిక్‌లు ఇలాంటి సమస్యల కోసమే ఉన్నాయి. ముఖాముఖి మాట్లాడటం కష్టమనిపిస్తే ముందు జాతీయ ఎయిడ్స్‌ నియంత్రణ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 1097కి ఫోన్‌ చేయొచ్చు. డాక్టర్‌ తేల్చేవరకు జాయినింగ్‌ తేదీ మార్చుకోకండి, నెట్‌లో చూసి మందులు కొనకండి.