చింతగింజలతో వాయునౌకా యుద్ధం

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ రోడ్డు మీదుగా చింతపల్లికి బస్సులో వెళ్ళేవారు ఒక వింతను గమనించవచ్చు. కింద కొన్న చిప్స్ ప్యాకెట్ కొండ ఎక్కేసరికి ఉబ్బి బిగుసుకుపోతుంది. లోపల గాలి ఏమీ పెరగలేదు. బయట గాలి ఒత్తిడి తగ్గింది, అంతే. చింతపల్లి సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి సముద్రతీరంలో కన్నా ఏడెనిమిది శాతం పలచగా ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాయునౌకల తలరాతను ఈ చిన్న సంగతే చాలావరకు నిర్ణయించింది. ఆ యుద్ధం గురించి ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆటలు కూడా ఉన్నాయి. ముందు అసలు నౌక సంగతి చూద్దాం.

వాయునౌక ఎందుకు తేలుతుంది?

జర్మనీ దేశస్థుడు కౌంట్ జెప్పెలిన్ నిర్మించిన మొదటి వాయునౌక 1900 జూలై 2న ఎగిరింది. తేలికైన లోహపు చట్రం, దాని లోపల హైడ్రోజన్ నింపిన సంచులు, కింద ఇంజన్లు. ఇదీ దాని నిర్మాణం. నేలమట్టాన ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. అంతే హైడ్రోజన్ బరువు 0.1 కిలో కూడా ఉండదు. కాబట్టి ఒక్కొక్క ఘనమీటరు హైడ్రోజన్ సుమారు 1.1 కిలోల బరువును పైకి లేపగలదు.

1916 నాటి పెద్ద జెప్పెలిన్‌లో సుమారు 55,000 ఘనమీటర్ల హైడ్రోజన్ పట్టేది. అంటే అది లేపగల మొత్తం బరువు 60 టన్నులు. అందులో సగానికి పైగా నౌక సొంత బరువే. మిగిలిన దానిలోనే మనుషులు, ఇంధనం, బాంబులు, నీళ్ళు అన్నీ సర్దుకోవాలి.

నౌక పైకి పోయేకొద్దీ సంచుల్లోని వాయువు మన చిప్స్ ప్యాకెట్ లాగే ఉబ్బుతుంది. సంచులు పగలకుండా కొంత వాయువును వదలక తప్పదు. నిండుగా బయలుదేరిన నౌక చింతపల్లి ఎత్తుకు చేరేసరికే నాలుగు టన్నులకు పైగా మోసే శక్తిని పోగొట్టుకుంటుంది. ఆరు వేల మీటర్ల ఎత్తున సుమారు సగమే మిగులుతుంది. అందుకే పైకి పోవాలంటే నీటిని పారబోసి బరువు తగ్గించుకునేవారు.

పైనా భయమే, కిందా భయమే

జెప్పెలిన్లు ఇంగ్లండు మీద మొదటిసారి బాంబులు వేసింది 1915 జనవరి 19 రాత్రి. మొదట్లో విమానాలు వాటిని ఏమీ చేయలేకపోయాయి. అయితే హైడ్రోజన్‌కు మండే గుణం ఉంది. 1916 సెప్టెంబరు 3 తెల్లవారుజామున లీఫ్ రాబిన్సన్ అనే పైలట్ నిప్పు పుట్టించే తూటాలతో ఎస్.ఎల్. 11 అనే వాయునౌకను కూల్చాడు. అందులోని 16 మందీ మరణించారు. ఈ పైలట్ మన దక్షిణ భారతంలోని కొడగులో పుట్టినవాడు.

తూటాలకు అందకూడదని జర్మన్లు 1917లో ఇంకా ఎత్తుకు ఎగిరే తేలికైన నౌకలను కట్టారు. అక్కడ ప్రాణవాయువు చాలదు, ఇంజన్ల బలం తగ్గుతుంది, చలి కొరుకుతుంది. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండు మీదికి వెళ్ళిన 11 నౌకలను పైనున్న పెనుగాలులు చెల్లాచెదురు చేశాయి. కొన్ని ఫ్రాన్సు మీదికి కొట్టుకుపోయాయి.

ఒంటరి ఆటలో శత్రువు ఎవరు?

పులి-మేక ఆటకు ఇద్దరు కావాలి. వైకుంఠపాళిని ఒక్కరే ఆడవచ్చు గాని, అందులో మనం నిర్ణయించేది ఏమీ లేదు. అంతా పాచిక పుణ్యమే. ఒంటరి యుద్ధక్రీడ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. గ్రెగరీ స్మిత్ అనే అమెరికన్ రూపొందించిన ‘జెప్పెలిన్ రైడర్’ అలాంటిదే. అందులో మీరే నౌకాధిపతి. శత్రువు, వాతావరణం ఏం చేస్తాయో పాచికలూ పట్టికలూ చెబుతాయి. ఏ సంఘటన జరిగే అవకాశం ఎంతో ముందే లెక్కకట్టి పట్టికలో పెడతారు.

మీరూ ఒక చిన్న ఆట తయారుచేసుకోవచ్చు. కాగితం మీద ఒకదానిపై ఒకటిగా అయిదు గళ్ళు గీయండి. అవి అయిదు ఎత్తులు. పన్నెండు చింతగింజలు తీసుకోండి. ఎనిమిది ఇంధనం, నాలుగు నీరు. ఒక గులకరాయి మీ నౌక. దాన్ని ఒకటో గడిలో పెట్టండి.

ప్రతి వంతుకూ ఒక ఇంధనం గింజ తీసేయండి. తరువాత నౌకను ఉన్నచోటనే ఉంచవచ్చు, ఒక గడి దించవచ్చు, లేదా ఒక నీటి గింజను పారేసి ఒక గడి ఎక్కించవచ్చు. ఇప్పుడు పాచిక వేయండి. మీ గడి అంకె కన్నా పెద్దది పడితే శత్రువు గుండు తగిలినట్లే. నాలుగు దెబ్బలు తగిలితే నౌక కూలింది, మార్కులన్నీ పోయాయి. ఆరులోంచి మీ గడి అంకెను తీసివేస్తే వచ్చేదే ఆ వంతుకు మార్కులు. కింద ఉంటే సముద్రం మీది శత్రునౌకలు బాగా కనబడతాయి గనుక మార్కులెక్కువ. ఇంధనం అయిపోతే ఆట ముగిసింది.

ఒకటో గడిలో దెబ్బ తగిలే అవకాశం ఆరింట అయిదు. అయిదో గడిలో ఆరింట ఒకటే. మరి ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి? ఒక్కసారి పారబోసిన నీరు తిరిగి రాదని మరవకండి. పది సార్లు ఆడి మార్కులు రాసుకుంటే ఏ పద్ధతి మేలో మీకే తెలుస్తుంది.

ఈ ఆటలో బాంబులు లేవని గమనించారా? జర్మన్ నౌకాదళపు జెప్పెలిన్లు సముద్రం మీద కాపలా పని కూడా చాలా చేశాయి. ఆ పనినే ఇక్కడ తీసుకున్నాం. వాయునౌకల దాడులలో బ్రిటన్‌లో 500 మందికి పైగా మరణించారు. ఆటలో ఓడితే గింజలు ఏరుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. వాళ్ళకు ఆ అవకాశం లేకపోయింది.